ఇంట్లో గోల్డ్‌ఫిష్ – 5వ పాఠం: ఎన్ని చేపలు?

పోయిన పాఠంలో అడిగింది ఒకే ఒక్క పని. మీ తొట్టిలో నిజంగా ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయో కొలిచి పెట్టుకోండి, చేపల లెక్క తర్వాతి పాఠంలో చూద్దాం అన్నాను. చాలామంది కొలిచారు, సంతోషం. కానీ కొలిచిన వారంలోపే చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల మార్కెట్‌కు వెళ్ళి చేపలు తెచ్చేసుకున్నారు. ఆ తర్వాత నాకు వచ్చిన ఫొటోలు చూశాక, ఈ పాఠంలో సగం వాళ్ళకోసమే రాయక తప్పదనిపించింది.

ముందు కొలతల సంగతి. 24 × 12 × 12 అంగుళాల తొట్టికి చాలామంది 56 లీటర్లు అని పంపారు. అది బయటి అద్దం కొలత. ఆ తొట్టిలో 56 లీటర్లు ఎప్పుడూ ఉండవు. పైన రెండంగుళాలు వదులుతాం, అడుగున రాళ్ళు పరుస్తాం, ఫిల్టర్ కొంత చోటు తింటుంది. మిగిలేది 45 లీటర్లు. అందుకే క్యాన్‌తో కొలవమన్నాను. చెన్నైలో 20 లీటర్ల వాటర్ క్యాన్ లేని ఇల్లు అరుదు. ఖాళీ క్యాన్‌తో పట్టి పోస్తూ లెక్కపెట్టుకుంటే గుణకారాలతో పని లేదు. రెండడుగుల తొట్టి రెండు క్యాన్లకూ, ఇంకో పావు క్యాన్‌కూ నిండిపోతుంది. 36 × 18 × 18 తొట్టికి ఎనిమిది క్యాన్లు, కాస్త అటూ ఇటూ. నేను ఇప్పటికీ ఇలాగే కొలుస్తాను.

అయితే కొందరు ఆ క్యాన్‌లో వచ్చిన తాగే నీళ్ళనే తొట్టి నిండా పోశారు. వద్దు. అవి ఆర్వో నీళ్ళు, వాటిలో ఖనిజాలు బాగా తక్కువ. పీహెచ్‌ను (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) నిలబెట్టే కార్బొనేట్లు లేకపోతే కొన్ని వారాల్లో పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది, ఫిల్టర్‌లో పెరగాల్సిన బాక్టీరియా కూడా సరిగ్గా పెరగదు. పోసేసినవాళ్ళు కంగారుపడి మొత్తం ఒకేసారి మార్చకండి. రోజుకు ఒక బకెట్ తీసి, యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపిన మెట్రో కొళాయి నీళ్ళు ఒక బకెట్ పోస్తూ వారం రోజుల్లో మార్చండి.

ఇప్పుడు అసలు లెక్క. గుండ్రటి ఒళ్ళు, రెండు తోకలుండే ఫ్యాన్సీ రకాలకు, అంటే ఒరాండా, ర్యుకిన్, బ్లాక్ మూర్ లాంటివాటికి, మొదటి చేపకు 75 లీటర్లు, ఆ తర్వాత ప్రతి చేపకూ 40 లీటర్లు. పొడవాటి ఒళ్ళు, ఒకే తోక ఉండే కామెట్, కామన్ రకాలను ఇంట్లో అద్దాల తొట్టిలో పెట్టవద్దనే నా మాట. అవి ఒక్కోటి అడుగు దాకా పెరుగుతాయి, ఈదే వేగం కూడా ఎక్కువ. మిద్దె మీద నీడపట్టున పెద్ద సిమెంటు తొట్టి ఉంటే వాటి గురించి ఆలోచించండి.

ఈ లెక్కన రెండడుగుల తొట్టిలో ఎన్ని? ఒక్కటీ కాదు. మూడడుగుల తొట్టిలో 155 లీటర్లు దొరికితే లెక్క ప్రకారం మూడు. నేనైతే రెండే అంటాను. గోల్డ్‌ఫిష్‌కు తోడు కావాలి కాబట్టి ఒకటి పెట్టమనను. మూడోది వచ్చిందంటే నీళ్ళు మార్చే పనిలో ఒక్క వారం కూడా వాయిదా వేయడానికి వీలుండదు. పిల్లల పరీక్షలు, ఊరికి ప్రయాణాలు ఉన్న ఇళ్ళలో ఆ కాస్త వెసులుబాటు ఉండాలి.

ఇది చదవగానే మీకొచ్చే ప్రశ్న నాకు తెలుసు, ఎందుకంటే అందరిదీ అదే ప్రశ్న. "మా చేపలు రెండంగుళాలే కదండీ, ఇప్పుడు నాలుగు వేసుకుంటే ఏమవుతుంది?" ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మళ్ళీ అందరూ పడేది ఈ గుంతలోనే. అందుకని దీన్ని నిదానంగా చెబుతాను.

షాపులో కనిపించేది చేపపిల్ల. ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్ పెద్దయ్యేసరికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్ళు బతుకుతుంది. రెండంగుళాల పిల్ల ఆరంగుళాలు అయిందంటే పొడవు మూడు రెట్లే, కానీ ఒళ్ళు మూడు రెట్లు కాదు. పొడవుతో పాటు వెడల్పూ మందమూ కూడా మూడేసి రెట్లు పెరుగుతాయి. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. అంటే బరువు దాదాపు 27 రెట్లు. తినేదీ, వదిలేదీ బరువును బట్టే పెరుగుతాయి. మరీ 27 రెట్లు కాకపోయినా, మూడు రెట్లకు ఎన్నో రెట్లు ఎక్కువ. "అంగుళం చేపకు గాలన్ నీళ్ళు" అనే పాత సూత్రం గోల్డ్‌ఫిష్ దగ్గర చెల్లనిది ఇందుకే. ఆ సూత్రం పొడవును కొలుస్తుంది, నీళ్ళను పాడుచేసేదేమో ఒళ్ళు. ఆరంగుళాల ఒరాండా ఒక్కటీ, అంగుళం నియాన్ టెట్రాలు ఆరూ ఆ సూత్రానికి సమానం. రెండింటినీ పక్కపక్కన చూసినవాళ్ళెవరూ అవి సమానమని అనరు.

దీనికే తోడుగా షాపుల్లో వినిపించే ఇంకో మాట ఉంది: "తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది సార్." చిన్న తొట్టిలో చేప ఎదగకుండా ఉండిపోవడం నిజమే. కానీ అది తొట్టిని చూసి సర్దుకోవడం కాదు. వదిలిన మలినాలు అదే నీళ్ళలో పేరుకుపోయి ఎదుగుదల దెబ్బతినడం. అలాంటి చేప వంకర తిరిగిన వెన్నుతో, రోగాలతో రెండు మూడేళ్ళకే పోతుంది. పదేళ్ళు బతకాల్సిన ప్రాణి అది. ఎదగలేదు కాబట్టి సరిపోయింది అనుకోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

"ఇప్పటికి నాలుగు పెట్టి, పెరిగాక పెద్ద తొట్టి కొంటాం" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. పెరగడానికి ఎక్కువ రోజులు పట్టదు. మంచి మేత, మన ఊరి వేడి కలిస్తే మొదటి ఏడాదే నాలుగంగుళాలు దాటే చేపలున్నాయి. పెద్ద తొట్టి ముందు కొనండి, చేపలు తర్వాత.

ఎక్కువ చేపలు వేస్తే జరిగేదేమిటో పెరంబూరు నుంచి వచ్చిన ఒక ఫొటోలో స్పష్టంగా కనిపించింది. రెండడుగుల తొట్టి, ఐదు ఒరాండాలు. నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి. ఒక నారింజ రంగు చేప తోక అంచునా, మొప్పల పక్కనా నల్లటి మరకలు, మసి వేలితో రాసినట్టు. "కొత్త రంగు వస్తోంది, చూడండి" అని ఫొటో పంపినావిడ ముచ్చటగా రాశారు. గోల్డ్‌ఫిష్‌కు సహజంగా రంగు మారడం ఉన్నమాటే. కానీ కొత్త తొట్టిలో, ఎక్కువ చేపల మధ్య ఇలా ఉన్నట్టుండి అంచుల్లో నలుపు వస్తే ముందు అనుమానించాల్సింది అమోనియా. అది కాల్చిన చోట చర్మం మానుతున్నప్పుడు ఇలాంటి నలుపు వస్తుంది. టెస్ట్ చేయమన్నాను. అమోనియా 2 చూపించింది. ఉండాల్సింది సున్నా.

నీళ్ళు తేటగా ఉన్నాయంటే బాగున్నాయని కాదు. అమోనియాకు రంగు లేదు. ఎక్కువగా చేపల మొప్పల నుంచే నీళ్ళలోకి వస్తుంది. ఫిల్టర్‌లో బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా ఎలా మారుస్తుందో రెండో పాఠంలో చెప్పాను, మళ్ళీ చెప్పను. ఇక్కడ కావాల్సింది మన ఊరికి సంబంధించిన ముక్క. టెస్ట్ కిట్ చూపించే అమోనియాలో కొంత భాగమే విషం. పీహెచ్ 7, నీళ్ళు 25 డిగ్రీలు ఉంటే ఆ భాగం అర శాతం కంటే కాస్త ఎక్కువ, 0.57 శాతం. అదే పీహెచ్ 8, నీళ్ళు 30 డిగ్రీలు అయితే 7.5 శాతం. చేపలు అవే, కిట్‌లో అంకె అదే, విషం మాత్రం పదమూడు రెట్లు. మనలో చాలామంది పోసేది బోరు నీళ్ళు, మేలో తొట్టి 30 దాటుతుంది. పైగా ఆ వేడిలో నీళ్ళలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 30 దగ్గర 7.6కు దిగుతుంది. చల్లటి దేశాలవాళ్ళు రాసిన లెక్కలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ వాడకూడదని నేను పట్టుబట్టేది అందుకే. వాళ్ళు మూడంటే మనకు రెండు.

ఎయిర్ పంప్ ఆక్సిజన్‌కు సాయం చేస్తుంది. అమోనియాను తియ్యదు. పంప్ ఉంది కాబట్టి ఇంకో రెండు వేయొచ్చనుకోకండి.

అద్దం శుభ్రం చేస్తుందని షాపువాళ్ళు చేతిలో పెట్టే సక్కర్ చేప కూడా లెక్కలోకి వస్తుంది. అది అడుగు దాటి పెరుగుతుంది, తనవంతు మలినం తనూ వదులుతుంది, రాత్రిళ్ళు గోల్డ్‌ఫిష్ ఒంటిమీది జిగురును పీలుస్తుంది. వద్దు.

వాస్తు కోసం తొమ్మిది చేపలు పెట్టాలి, ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది అని అడిగినవాళ్ళున్నారు. మీ నమ్మకాన్ని కాదనను. లెక్క మాత్రం చెబుతాను: 75, దానికి ఎనిమిది నలభైలు కలిపితే 395 లీటర్లు. అంటే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి. నీళ్ళూ అద్దమూ కలిపి 450 కిలోలు దాటుతుంది. అంత తొట్టి, దాన్ని మోసే స్టాండ్ మీ హాల్లో పెట్టగలిగితే తొమ్మిదీ పెట్టండి. లేదంటే తొమ్మిది గప్పీలు పెట్టుకోండి, 45 లీటర్లలో హాయిగా ఉంటాయి. అన్నీ మగవే తీసుకోండి, లేకపోతే తొమ్మిది తొంభై అవుతాయి.

ఇప్పటికే నాలుగైదు వేసేసినవాళ్ళకు: రోజు విడిచి రోజు సగం నీళ్ళు మార్చండి. మేత రోజుకు ఒక్కసారే, నిమిషంలో తినేసేంత. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆ పూట మేత ఆపి ముందు నీళ్ళు మార్చండి. ఈలోపు రెండు చేపలకు వేరే చోటు చూడండి. కొన్ని షాపులు వెనక్కి తీసుకుంటాయి, అడగండి. లేదా బాల్కనీలో నీడలో 200 లీటర్ల ప్లాస్టిక్ టబ్ పెట్టి, ఒక స్పాంజ్ ఫిల్టర్ వేయండి. నా దృష్టిలో అద్దాల తొట్టి కంటే అదే మేలు, ధర కూడా తక్కువ. చెరువులో మాత్రం వదలకండి, పోరూరైనా చేట్‌పట్టైనా. అక్కడి చేపల మేతకు ఇవి పోటీ వస్తాయి, అడుగు మట్టిని తవ్వి నీళ్ళను బురద చేస్తాయి.

ఇక అభ్యాసం. చేపలు ఇంకా కొననివాళ్ళకు ఇది తప్పనిసరి, కష్టంగానే ఉంటుంది.

చేపల సంఖ్యను చివరికి తేల్చేది మీరు ప్రతివారం మోయగలిగే బకెట్లు. 155 లీటర్ల తొట్టిలో సగం మార్చాలంటే 15 లీటర్ల బకెట్‌తో ఐదుసార్లు బయటికి, ఐదుసార్లు లోపలికి. వచ్చే నాలుగు ఆదివారాలు, తొట్టిలో ఒక్క చేప కూడా లేకుండా, ఈ పని చేయండి. సగం నీళ్ళు తీయండి, పట్టి ఉంచిన నీళ్ళకు యాంటీ క్లోరిన్ కలపండి, పోయండి. ఎంతసేపు పట్టిందో, ఏ నీళ్ళు వాడారో, పోయక ముందూ పోశాక పీహెచ్ ఎంతుందో ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఒక ఆదివారం మీరు కాకుండా ఇంట్లో ఇంకొకరు చేయాలి, మీరు ఊళ్ళో లేనప్పుడు చేసేది వాళ్ళే కదా.

రాసేటప్పుడు ఇంకో వరుస కలపండి: మేలో మీ ఇంటికి నీళ్ళు ఎలా వస్తాయి? 2019 వేసవిలో ఊరికి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయి ఊరంతా లారీల కోసం బిందెలు పట్టుకుని నిలబడింది. అలాంటి నెలలో వారానికి ఎన్ని బకెట్లు చేపలకు ఇవ్వగలరో నిజాయితీగా రాయండి. నవంబర్ వానల్లో సంపు నిండుగా ఉన్నప్పుడు వేసుకున్న లెక్కతో చేపలు కొనకండి. మే నెల అంకెలో మీ తొట్టి సగం కూడా రాకపోతే, చేపల కోరిక ఈ ఏడాదికి ఆపండి.

నాలుగో ఆదివారం అయ్యాక, ఫిల్టర్ సైకిల్ పూర్తయి (అంటే అమోనియాను మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో సరిపడా పెరిగి) కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తేనే కొళత్తూరు వెళ్ళండి. రెండూ ఒకే రకం, ఒకే సైజు చేపలు తీసుకోండి, లేకపోతే మేత దగ్గర పెద్దది చిన్నదాన్ని రానివ్వదు. వచ్చాక కవర్‌ను తొట్టి నీళ్ళలో పావుగంట తేలనిచ్చి, చేపను చేత్తోనో చిన్న గిన్నెతోనో తీసి వదలండి. కవర్‌లో నీళ్ళు బాత్రూంలో పారబోయండి. ఆ రోజు మేత వేయొద్దు.