పాపసంకీర్తనానికి ముందు జీతాల లెక్క

పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ముందు చేసుకునే ఆత్మపరిశోధనలో "దొంగిలించకూడదు" అనే ఏడో ఆజ్ఞ దగ్గరికి రాగానే "మనమేం దొంగలం కాదుగా" అని దాటేస్తాం. ఈసారి ఓ అరగంట అక్కడే ఆగండి. కాగితం, పెన్ను, గోడ మీది క్యాలెండరు చాలు. పనావిడ నాగాలు అందులోనే ఉంటాయి.

ఆరు నెలలు వెనక్కి తిప్పి, కోసిన ప్రతి రూపాయికీ ఎదురుగా కారణం రాయండి. ఉదాహరణకు, కంచరపాలెం నుంచి ఎంవీపీ కాలనీకి వచ్చే పనావిడ జీతం 4,500. ఒక నెల నాలుగు నాగాలని రోజుకు 150 చొప్పున 600 కోశారు. నెలకు రెండు సెలవులని చేరేటప్పుడే మాటిచ్చారు కాబట్టి అందులో 300 కచ్చితంగా ఆమెవే. మిగతా రెండు రోజులు తుఫాను, ఆటోలు తిరగలేదు. ఆ రోజుల్లో మీ ఆఫీసు మీ జీతం కోసిందా? కోయకపోతే ఆ 300 కూడా బాకీలోనే రాయండి.

"ఆమె ఒప్పుకున్న జీతమేగా" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఇరువురూ ఒప్పుకున్నంత మాత్రాన జీతం న్యాయమైపోదని కతోలిక బోధలన్నీ ఉన్న పుస్తకం, శ్రీసభ సత్యోపదేశం, 2434వ పేరాలో చెబుతోంది. 13వ లియో పోపుగారు 1891లోనే ఈ సంగతి తేల్చారు. అంతరాత్మ మాట వినాల్సిందే, కాదనం. కానీ "మా వీధిలో అందరూ ఇంతే ఇస్తారు" అనేది అంతరాత్మ కాదు, అపార్ట్‌మెంట్ రేటు. కూలీలకు ఎగ్గొట్టిన జీతం మొరపెడుతోందని చెప్పే బైబిల్లోని యాకోబు లేఖ 5:4 ఒకసారి చదివి, మళ్లీ లెక్క చూడండి.

బాకీ పాపసంకీర్తనానికి ముందే తీర్చేస్తే మేలు. చేతిలో లేకపోతే తారీఖు పెట్టుకోండి. ఫోన్‌పే చేసేముందు ఆమె ఫోను ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. చాలా ఇళ్లలో అది కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. "అమ్మా, ఆ నెల నీకు 600 తక్కువిచ్చాం, ఇది నీ డబ్బే" అని చెప్పి ఇవ్వండి. పండక్కి ఇచ్చినట్టు, పాత చీరతో కలిపి ఇస్తే బాకీ కాస్తా దానమైపోతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ఫాదర్‌గారి దగ్గర "పొరపాట్లు చేశాను ఫాదర్" అంటే సరిపోదు. ఏం చేశారో, ఎన్నిసార్లో చెప్పాలి: "తెలిసే మూడుసార్లు జీతం కోశాను." మీ ఆయన పిసినారితనం, అత్తగారి నోరు అక్కడ ఎత్తకండి, అవి వాళ్లు చెప్పుకోవాల్సినవి. ఫాదర్‌గారు ప్రాయశ్చిత్తంగా ప్రార్థనలు చెప్పమన్నా బాకీ బాకీగానే ఉంటుంది. విశాఖలో మరియమాత గుడి ఉన్న రాస్‌హిల్ ఎక్కి ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా అంతే.

ఆవిడ పని మానేసి వెళ్లిపోయి ఉంటే వాచ్‌మన్‌ను, పక్క ఫ్లాట్లలో పనిచేసేవాళ్లను అడిగి వెతకండి. చనిపోయి ఉంటే పిల్లలకు ఇవ్వాలి. ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతేనే ఆ డబ్బు పేదలకు. డబ్బు చేరేదాకా కాగితం దాచి, చేరాక చించేయండి.