చేతిలో మెడికల్ పేటెంట్ ఉంది, దాన్ని బిజినెస్‌గా మార్చడం ఎలా?

యూనివర్సిటీ ల్యాబుల్లో పేటెంట్ వచ్చి కూడా మూలన పడున్న పరికరాలు బోలెడుంటాయి, పనిచేయక కాదు, పేషెంట్ దాకా తీసుకెళ్ళేవాళ్ళు లేక. స్టూడెంట్స్ ఆ పని చెయ్యొచ్చు.

ముందు పేటెంట్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. కనిపెట్టింది మీరే అయినా యూనివర్సిటీ డబ్బుతో చేస్తే ఓనర్ చాలాసార్లు యూనివర్సిటీనే. అలాంటప్పుడు యూనివర్సిటీ పేటెంట్లని బయటివాళ్ళకి ఇచ్చే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకెళ్ళి, ఏకంగా లైసెన్స్ (పేటెంట్ వాడుకునే అనుమతి) కాకుండా ఆప్షన్ అగ్రిమెంట్ అడగండి, కొన్ని నెలలు ఇంకెవరికీ ఇవ్వకుండా మీకోసం ఆపి ఉంచుతారు, ఈలోపు ఇది నడుస్తుందో లేదో తేల్చుకోవచ్చు. పేటెంట్ లైఫ్ ఫైల్ చేసినప్పట్నుంచి 20 ఏళ్ళే, ఎన్ని మిగిలాయో లెక్కేసుకోండి.

ఇంకోటి, పేటెంట్ ఉంటే చాలు పరికరం అమ్ముకోవచ్చనుకుంటారు, కాదండీ, అది వేరేవాళ్ళని ఆపే హక్కు మాత్రమే. మీ పరికరంలోని వాల్వ్ మీద ఇంకో కంపెనీకి పేటెంట్ ఉంటే మీరూ ఆగాల్సిందే. లాయర్‌తో చెక్ చేయించండి.

అసలు పని హాస్పిటల్లో ఉంది. డాక్టర్‌తో మాత్రమే మాట్లాడి వచ్చేయకండి, వాడేది నర్సు, కొనేది పర్చేజ్ డిపార్ట్‌మెంట్, చాలాచోట్ల డబ్బు కట్టేది ఇన్సూరెన్స్. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, అందుకే ఇప్పుడెలా చేస్తున్నారో చూపించమనండి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో మీ పరికరం బటన్ నొక్కడం కుదురుతుందా, వాడాక ఎవరు క్లీన్ చేస్తారు, ఎక్కడ పెడతారు, ఇవన్నీ అక్కడ నిలబడితేనే తెలుస్తాయి. 2007లో స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్స్ చౌక ఇంక్యుబేటర్ చేద్దామనుకున్నారు, నేపాల్ వెళ్ళి చూస్తే ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే పిల్లలు పుట్టేది ఊళ్ళల్లో. దాంతో మొత్తం మార్చేసి, 37 డిగ్రీల దగ్గర వేడి నిలిపే మైనం ప్యాకెట్ పెట్టిన చిన్న స్లీపింగ్ బ్యాగ్ చేశారు, అదే ఎంబ్రేస్.

తర్వాత పర్మిషన్లు. పరికరం దేనికోసమో మీరు రాసే ఒక్క వాక్యాన్ని బట్టే రూల్స్ చాలావరకు మారిపోతాయి. టెంపరేచర్ చూపిస్తుంది అంటే ఒక లెక్క, జబ్బు కనిపెడుతుంది అంటే ఇంకో లెక్క. అమెరికాలో అయితే ఇప్పటికే మార్కెట్లో ఉన్న పరికరానికి సమానమని చూపిస్తే, మెడికల్ పరికరాలకి పర్మిషన్ ఇచ్చే ఎఫ్‌డీఏ దగ్గర 510(కె) అనే దారి ఉంది. మెడికల్ పరికరాల క్వాలిటీ స్టాండర్డ్ ఐఎస్ఓ 13485 ప్రకారం డిజైన్ రికార్డులు మొదట్నుంచే రాసిపెట్టుకోండి, తర్వాత గుర్తుతెచ్చుకుని రాయడం నరకం.

డబ్బు కోసమైతే మొదట గ్రాంట్లు ట్రై చేయండి. టీమ్‌లో ఎవరి వాటా ఎంత, ఎవరైనా చదువైపోయాక ఉద్యోగానికి వెళ్ళిపోతే ఆ వాటా ఏమవుతుంది, ఇప్పుడే కాగితం మీద పెట్టండి. ఫైనల్ లైసెన్స్‌లో మైల్‌స్టోన్ తేదీలుంటాయి, అంటే ఏ పని ఎప్పటికల్లా అవ్వాలో, అవి దాటితే యూనివర్సిటీ లైసెన్స్ వెనక్కి తీసుకునే అవకాశం ఉంటుంది, కాబట్టి పర్మిషన్లు లేటైతే గడువు పెంచుతామన్న క్లాజ్ రాయించుకున్నాకే సంతకం చేయండి.