టార్మాక్ మీద ఆరోగ్యం, 3వ పాఠం: చెవిలో ప్లగ్ పెట్టుకోవడం

టార్మాక్ అంటే విమానాలు నిలిపే, నడిపే కాంక్రీటు నేల. పోయిన పాఠంలో అక్కడి ఎండ, కాంక్రీటు సెగ, నీళ్ల లెక్క చూశాం. ఈసారి చెవులు. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్లుగా చేరబోతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక జత ఫోమ్ ప్లగ్‌లు పక్కన పెట్టుకుని, చేస్తూ చదవండి.

ముందు చిన్న లెక్క. 85 డెసిబెల్‌ల మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ చెబుతుంది. అక్కడి నుంచి 3 డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. గ్రౌండ్ రన్‌లో, అంటే విమానం నేల మీద ఉండగానే ఇంజిన్ నడిపి చూసేటప్పుడు, ఫైటర్ ఇంజిన్ పక్కన మోత 120 దాటడం మామూలే. 120 దగ్గర ఈ లెక్క 9 సెకన్లకు వస్తుంది. మీరు చోక్స్ (చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు) తీసి పక్కకు వచ్చేలోపే ఆ రోజు కోటా అయిపోయినట్టే.

ఇప్పుడు ప్లగ్. చేతులు సబ్బుతో కడుక్కోండి. గ్రీజు వేళ్లతో పెడితే చెవిలో ఇన్ఫెక్షన్ రావచ్చు. ప్లగ్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య దీపం వత్తి చేసినట్టు నెమ్మదిగా నలపండి. మడత పడకూడదు, మడత పడితే ఆ సందులోంచి మోత దూరుతుంది. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి, చెవి పైభాగాన్ని పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. వంకరగా ఉండే చెవి దారి అప్పుడు తిన్నగా అవుతుంది. వెంటనే ప్లగ్ లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో ఆపి పట్టుకోండి. 30 అంకెలు లెక్కపెట్టండి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడే: కంగారులో అయిదు లెక్కపెట్టి వేలు తీసేస్తారు, ప్లగ్ సగం బయటికి వచ్చేస్తుంది.

సరిగ్గా కూర్చుందా? ఇంట్లో మిక్సీ వేయించి, రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసి తెరవండి. మూసినప్పుడు మోత బాగా తగ్గిందంటే ప్లగ్ సరిగ్గా పడలేదు, మళ్లీ పెట్టండి. పెద్దగా తేడా లేకపోతే సరిపోయింది. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకండి. కాస్త తిప్పుతూ తీయండి, లేకపోతే కర్ణభేరి నొప్పెడుతుంది.

ప్లగ్ పైన ఇయర్ డిఫెండర్లు, అంటే చెవి మొత్తాన్ని కప్పే కుషన్ డిప్పలు, కూడా పెట్టుకుంటాం. రెండిటి రేటింగులూ (ఎన్ని డెసిబెల్‌లు ఆపుతాయో చెప్పే అంకెలు) కూడేయకండి. రెండోది అదనంగా ఇచ్చేది సుమారు 5 డెసిబెల్‌లే. అయినా ఆ 5 వదులుకోవద్దు. కళ్లజోడు కాడ, టోపీ అంచు కుషన్ కింద ఇరుక్కుంటే ఆ కాస్తా పోతుంది.

ఇక అందరూ తేలిగ్గా తీసుకునే సంగతి. 30 డెసిబెల్‌లు ఆపే ప్లగ్ పెట్టుకుని, 8 గంటల డ్యూటీలో అదే మోత మధ్య మాటల కోసం అరగంట తీశారనుకోండి. రోజు మొత్తం మీద మీకు దక్కే రక్షణ 12 డెసిబెల్‌లే. మాట్లాడాల్సి వస్తే ముందు మోతకు దూరంగా నడవండి. లేదా చేతి సైగలు వాడండి, అవి ఉన్నది అందుకే.

చేరిన కొత్తలో నాకు ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. షిఫ్ట్ అయ్యాక రాత్రిళ్లు చెవిలో గుయ్‌మనేది, పొద్దుటికి తగ్గేది, నేను పట్టించుకోలేదు. ఆ గుయ్‌మనడమే హెచ్చరిక. ఈ మోత దెబ్బ ముందుగా పడేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల సన్నటి శబ్దాల మీద. మాట వినిపిస్తుంది, కానీ స, ష లాంటి అక్షరాలు తేలిపోతాయి. ఇప్పుడు ఫోన్‌లో మనవరాలు "సరే తాతా" అంటే నాకు "అరే తాతా" అని వినిపిస్తోంది. లోపలి చెవిలో చచ్చిన కణాలు తిరిగి మొలవవు.

ఈ వారం సాధన: రోజుకు పదిసార్లు, అద్దం లేకుండా, రెండు చెవులకూ. ప్రతిసారీ అరచేతుల పరీక్ష చేసి, ఎన్నిసార్లు సరిగ్గా పడిందో రాసుకోండి. పదికి తొమ్మిది వచ్చాకే 4వ పాఠానికి రండి. అందులో చేతికి అంటిన ఇంధనం గురించి చూద్దాం.