బరువు తగ్గించాక రేసు బండి మాట వినడం లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

యమహా ఆర్15 వంటి బండిని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు సిద్ధం చేసేవారు మొదట హెడ్‌లైటు, అద్దాలు, ఇండికేటర్లు, హారన్, శారీ గార్డు, స్టాండు విప్పేస్తారు. దాదాపు 142 కిలోల బండి నుంచి పైసా ఖర్చు లేకుండా కొంత బరువు దిగిపోతుంది గాని, ఆ తర్వాత ట్రాకు మీద బండి మునుపటికన్నా మొండికేయడం తరచుగా కనిపిస్తుంది. బరువు ఎక్కడి నుంచి తీశారో చూడకపోవడం, తీశాక సస్పెన్షన్‌ను మళ్లీ సరిచేయకపోవడం దీనికి ముఖ్య కారణాలు. అందుకే విప్పడానికి ముందు ఒకసారి, విప్పాక ఒకసారి, రైడర్ కూర్చున్న స్థితిలో ఒక్కో చక్రం కింద కాటా పెట్టి బరువు రాసుకోవాలి. ఒక చక్రం కాటా మీద ఉన్నప్పుడు రెండో దాని కింద అంతే ఎత్తు చెక్క ఉండాలి.

వెనుక చక్రం గతుకుల మీద ఎగురుతోంది

కంపెనీ స్ప్రింగు పాత బరువుకు, వెనుక కూర్చునే మనిషికి కూడా సరిపోయేలా అమర్చినది కాబట్టి, తేలికైన బండికి అది గట్టిదైపోతుంది. దీనికి తోడు, స్ప్రింగు పైన ఉన్న బాడీ బరువు తగ్గి, స్ప్రింగు కింద ఉన్న రిమ్ము, టైరు, డిస్కు, స్ప్రాకెట్ల బరువు అలాగే ఉండిపోతే, ఎగిరే చక్రాన్ని అదిమిపట్టే శక్తి బండికి తగ్గుతుంది. చాలామంది ఈ రెండో కారణాన్ని పట్టించుకోరు.

మొదట సాగ్, అంటే బరువుకు సస్పెన్షన్ ఎంత దిగుతుందో, కొలవాలి. రైడర్ కూర్చున్నప్పుడు వెనుక సస్పెన్షన్ సుమారు 30 నుంచి 35 మిల్లీమీటర్లు దిగడం రేసు బండికి మంచి ప్రారంభం. అంతకన్నా తక్కువ దిగుతుంటే ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగానే నొక్కి ఉంచే బిగింపు) తగ్గించాలి. పూర్తిగా తగ్గించినా దిగకపోతే మెత్తని స్ప్రింగు వేయక తప్పదు. స్ప్రింగు మార్చాక, షాక్‌లో ఆ సౌకర్యం ఉంటే, రీబౌండ్‌ను (నొక్కుకున్న షాక్ తిరిగి సాగే వేగాన్ని అదుపుచేసే బిగింపును) కూడా కొద్దిగా వదులు చేయాలి. ఆ తర్వాతే చక్రం బరువు సంగతి చూడాలి: అల్యూమినియం వెనుక స్ప్రాకెట్, నియమాలు ఒప్పుకుంటే తేలికైన రిమ్ములు, 428 సైజు చైనుకు బదులు అంతకన్నా సన్నని 415 సైజు చైను. చైను మారిస్తే రెండు స్ప్రాకెట్లూ దాని వెడల్పుకు తగినవే వేయాలి. కార్బన్ బాడీకి పెట్టే డబ్బును రిమ్ముల మీద పెట్టడమే మేలని నా అభిప్రాయం.

మలుపు నుంచి బయటికి వస్తూ బండి అనుకున్న దారి తప్పి బయటివైపుకు పోతోంది

విప్పిన హెడ్‌లైటు, అద్దాలు, హారన్ అన్నీ ముందువైపువే కాబట్టి, ముందు చక్రం మీద భారం ఎక్కువ పాళ్లలో తగ్గి ఉంటుంది. థ్రాటిల్ తెరవగానే మిగిలిన భారం కూడా వెనక్కి పోయి ముందు టైరు పట్టు సడలుతుంది. కాటా అంకెలు దీన్ని ధ్రువపరిస్తే, ఇకమీదట బరువును వెనుక నుంచి, అంటే సైలెన్సర్ నుంచి, సీటు కింది ఫ్రేము నుంచి తీయాలి. ముందుభాగం కాస్త కిందికి దిగేలా, ఫోర్కు (ముందు సస్పెన్షన్) గొట్టాలను వాటిని పట్టుకునే క్లాంపుల్లో ఒక్కోసారి 2 మిల్లీమీటర్ల చొప్పున పైకి జరిపి ట్రాకు మీద పరీక్షించవచ్చు. ఇది అతిగా చేస్తే వేగంలో హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. అప్పుడు స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ ఊపును అణిచే పరికరం) కొనడానికి పరుగెత్తకుండా, ముందు ఆ మార్పును వెనక్కి తీసుకోవాలి.

వరుస మలుపుల్లో బండి ఒకవైపు నుంచి రెండో వైపుకు బద్ధకంగా వాలుతోంది

తిరిగే రిమ్ముల బరువు ఒక కారణమైతే, ఎత్తున ఉన్న బరువు ఇంకొకటి. ఎత్తున ఉండేది ప్రధానంగా పెట్రోలే. లీటరు పెట్రోలు సుమారు ముప్పావు కిలో ఉంటుంది కనుక, 11 లీటర్ల ట్యాంకు నింపితే 8 కిలోలకు పైగా మోస్తున్నట్టే. కొద్ది ల్యాపుల రేసుకు అంత అవసరం లేదు. అయితే మరీ అడుక్కు పోస్తే బ్రేకింగులో, వాలినప్పుడు పెట్రోలు పక్కకు పోయి పంపు గాలి పీల్చుకుంటుంది. మలుపు మధ్యలో ఇంజిన్ తడబడితే ముందుగా దీన్నే అనుమానించాలి. ట్యాంకులో పెట్రోలు తట్టుకునే ఫోమ్ వేసి, మరో లీటరు పోసి చూడాలి.

రేసు తర్వాతి తూకంలో బండి తేలిపోయింది

కనీస బరువు నియమం ఉన్న తరగతుల్లో ఫలితమే రద్దు కావచ్చు. ప్రపంచ బైకు రేసుల్లో అగ్ర తరగతి అయిన మోటోజీపీలో బండి బరువు 157 కిలోలకు తగ్గకూడదు. అందులోని చిన్న బండ్ల తరగతి మోటో3లో రైడర్‌తో కలిపి 152 కిలోలు. లోటును సీసం దిమ్మలతో పూడ్చుకోవాలి. వాటిని ఇంజిన్ కింది భాగానికి దగ్గరగా బోల్టులతో బిగిస్తే పైనుంచి తీసిన బరువు కిందికి చేరి లాభమే కలుగుతుంది. జిగురు టేపుతో అంటించడం ప్రమాదకరం. గ్రాముల కోసం యాక్సిల్‌కు, బ్రేక్ కాలిపర్‌కు, డిస్కుకు అల్యూమినియం బోల్టులు వేయడం, డిస్కులకు ఇంట్లో రంధ్రాలు కొట్టడం ఏ పరిస్థితిలోనూ చేయరాదు.