కోడిగుడ్డు వంటలు, 4వ పాఠం: పెంకు చిక్కు తీరాక పులుసు

ఈ పాఠం నేరుగా పులుసుతోనే మొదలుకావాలి. కానీ పోయిన పాఠం చూసి గుడ్లు ఉడకబెట్టినవాళ్లు చాలామంది పెంకు దగ్గరే ఆగిపోయారు. పెంకుతోపాటు తెల్లసొన పెచ్చులుగా ఊడిరావడం ఒకటి, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం రెండోది, బాండీలో వేయగానే గుడ్డు టప్పున పేలి నూనె చేతిమీద చిందడం మూడోది. ఇవి సర్దుకుంటే పులుసు సగం అయినట్టే.

పెంకు అంటుకోవడానికి కారణం మీ చెయ్యి కాదు, గుడ్డు మరీ తాజాగా ఉండటం. పోయినసారి ఈ సంగతి చెప్పకుండా వదిలేయడం నా పొరపాటు. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటుంది. అది ఉన్నంతకాలం తెల్లసొన పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు పెంకులోని సన్న రంధ్రాల్లోంచి పోతుంది, తెల్లసొన క్షారగుణానికి మళ్లుతుంది, పట్టు సడలుతుంది. విజయవాడ ఎండల్లో బయట ఉంచితే రెండు మూడు రోజులకే ఈ మార్పు వస్తుంది. ఫ్రిజ్‌లో అయితే వారం పడుతుంది. అట్టుకి, పొరటుకి తాజా గుడ్డు వాడండి, పులుసుకి పాతబడినది తీయండి. గిన్నెడు నీళ్లలో వేసి చూడండి: అడుగున పడుకుంటే తాజాది, వెడల్పు కొన కాస్త పైకి లేస్తే ఉడకబెట్టడానికి సరిగ్గా ఉన్నది, నీళ్లమీద తేలితే పారేయవలసినది.

రెండో సంగతి, చన్నీళ్లలో వేసి పొయ్యి వెలిగించొద్దు. నెమ్మదిగా వేడెక్కిన తెల్లసొన పొరకు అతుక్కుపోతుంది. నీళ్లు తెర్లుతున్నప్పుడు గరిటెతో ఒక్కొక్కటిగా దించండి, వెంటనే సెగ మధ్యస్థానికి తగ్గించండి. 50 నుంచి 55 గ్రాముల గుడ్డు, ఫ్రిజ్‌లోంచి తీసినది కాకపోతే, పులుసుకి 9 నిమిషాలు చాలు. అది తర్వాత నూనెలో ఇంకాస్త, పులుసులో మరికాస్త ఉడుకుతుంది. ఒట్టిగా తినడానికైతే 11. నాటు గుడ్డు చిన్నది కాబట్టి ఒక నిమిషం తగ్గించండి. ఫ్రిజ్ గుడ్డును అరగంట బయట పెట్టకుండా వేస్తే పగలొచ్చు. నీళ్లలో ఉప్పు వేస్తే పెంకు సులువుగా వస్తుందన్నది నిజం కాదు. పగిలిన చోట కారే సొన త్వరగా గడ్డకట్టడానికి మాత్రమే ఉప్పు పనికొస్తుంది.

ఆ ఆకుపచ్చ వలయం ఎక్కువసేపు ఉడికిందనడానికి గుర్తు. తెల్లసొనలోంచి వచ్చే గంధకపు వాయువు పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు తెస్తుంది. తింటే ఏమీ కాదు, కానీ పులుసులో ఆ వాసన తెలుస్తుంది. పొయ్యి ఆపి గుడ్లను వేడినీళ్లలోనే వదిలేసినా ఇదే జరుగుతుంది. తీయగానే చన్నీళ్లలో, వేసవిలో అయితే ఐసు నీళ్లలో, 5 నిమిషాలు ఉంచండి. వెడల్పు కొన దగ్గర గాలి గది ఉంటుంది, అక్కడ చిదిమి మొదలుపెడితే పొర దొరుకుతుంది. పొర చేతికి వచ్చిందంటే మిగతాదంతా దానివెంటే వస్తుంది.

ఇక పేలడం. ఒలిచిన గుడ్డును బట్టతో తుడవకుండా నూనెలో వేస్తే పైతడి చిటపటలాడుతుంది. అది చిన్న ప్రమాదం. తెల్లసొన పైభాగం నూనెకు బిగుసుకుని, లోపలి ఆవిరికి దారి లేక ఒక్కసారిగా చీలడం పెద్దది. అందుకే నిలువుగా నాలుగు గాట్లు, పచ్చసొనకు తగలకుండా. పులుసు లోపలికి దిగే దారి కూడా అదే. రెండు చెంచాల నూనెలో పావు చెంచా పసుపు (దుగ్గిరాల పసుపు దొరికితే అదే), చిటికెడు ఉప్పు వేసి, సన్న సెగమీద గుడ్లను దొర్లిస్తూ 2 నిమిషాలు వేపండి. పొయ్యి ఆపాక పావు చెంచా కారం చల్లి మళ్లీ దొర్లించండి. బుడగలు బుడగలుగా, గోధుమరంగు వచ్చేదాకా వేపడం నాకు నచ్చదు. చూడటానికి బాగుంటుంది గాని తెల్లసొన తోలులా సాగుతుంది, పులుసు పీల్చదు.

ఇప్పుడు 6 గుడ్లకు పులుసు. పాత్ర స్టీలుదో మట్టి దాకో అయివుండాలి. ఇనప బాండీలో చింతపండు మరిగిస్తే ఇనుము కరిగి పులుసు నల్లబడుతుంది, నాలుకకు లోహపు రుచి తగులుతుంది. చింతపండు 30 గ్రాములు, అంటే పెద్ద నిమ్మకాయంత, 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 20 నిమిషాలు నాననివ్వండి. కొత్త చింతపండు అయితే 25 గ్రాములు చాలు. గుజ్జు పిసికి, పీచు తీసి పక్కన పెట్టుకోండి. వేరుశెనగ నూనె 4 పెద్ద చెంచాలు. తాలింపు సంగతి మీకు తెలుసు. మెంతులు మాత్రం 10, 12 గింజలు దాటొద్దు, ఎర్రబడగానే ఉల్లిపాయలు వేసేయండి. సన్నగా తరిగిన ఉల్లి 300 గ్రాములు, చీల్చిన పచ్చిమిర్చి 4, ఉప్పు చెంచాన్నర, కరివేపాకు రెండు రెబ్బలు.

ఇక్కడే చాలామంది చేయి తొందరపడుతుంది. ఉల్లి రంగు మారగానే చింతపండు రసం పోసేస్తారు, “ఎలాగూ పులుసులో మరుగుతుంది కదా” అని. మరుగుతుంది, కానీ మెత్తబడదు. ఉల్లిపాయ కణాలను కలిపి ఉంచే జిగురు పదార్థం పులుపు తగిలితే కరగకుండా గట్టిపడుతుంది. అరగంట మరిగించినా ముక్క పంటికింద కరకరలాడుతూనే ఉంటుంది. కందిపప్పు ఉడక్కముందే చింతపండు వేసి చూడండి, పప్పు పలుకుగానే ఉండిపోతుంది. ములక్కాడ పులుసులో కండ పీచుగా మిగలడం, సొరకాయ ముక్క నాలుకకు రబ్బరులా తగలడం, బెండకాయ పైకి ఉడికినట్టుండి గింజ దగ్గర పచ్చిగా ఉండటం, వీటన్నిటికీ మూలం పులుపు ముందు పడటమే. బెండకాయకు ఈ గుణం ఒక విధంగా మేలు చేస్తుంది, జిగురు తగ్గుతుంది. గుడ్డు పులుసులో మాత్రం నష్టమే. ఈ పులుసుకు పప్పు లేదు, కొబ్బరి లేదు, చిక్కదనం ఇచ్చేది కరిగిన ఉల్లి ఒక్కటే. అది కరగకపోతే నీళ్లు ఒకపక్క, ముక్కలు ఒకపక్క, మధ్యలో గుడ్డు. అప్పుడు బియ్యప్పిండి కలిపి చిక్కబరుస్తారు. నేను కలపను. పిండి రుచిని కప్పేస్తుంది, చల్లారాక గంజిలా బిగుస్తుంది.

పరీక్ష ఒక్కటే. ఉల్లి ముక్కను గరిటెతో గిన్నె అంచుకు నొక్కండి. చీలితే ఇంకా కాలేదు. నలిగి పేస్టులా అంటుకుంటే అయింది. మూతపెట్టి సన్న సెగమీద మగ్గిస్తే దీనికి 15 నుంచి 18 నిమిషాలు పడుతుంది. అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లండి. టమాటా వేసే అలవాటున్నవాళ్లు కూడా ఈ పరీక్ష నెగ్గాకే వేయాలి, టమాటాదీ పులుపే. తొందరపడి రసం ముందే పోసేసి ఉంటే ఇంకా మరిగించి ప్రయోజనం లేదు. ఉల్లి ముక్కలు గరిటెతో తీసి, మిక్సీలో ఒక తిప్పు తిప్పి, మళ్లీ పులుసులో కలపండి.

ఉల్లి నలిగాక అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా వేసి పచ్చివాసన పోనివ్వండి. సెగ తగ్గించి కారం 3 చెంచాలు, ధనియాల పొడి 2 చెంచాలు వేసి అరనిమిషం కలపండి. గుంటూరు సన్నం 334 కారానికి చెప్పిన కొలత ఇది. తేజ కారమైతే 2 చెంచాలకు మించొద్దు, అది ఘాటులో చాలా ముందుంటుంది. కారం మాడినట్టు అనిపిస్తే అక్కడికక్కడే పారబోసి మొదటినుంచి చేయండి, మాడిన చేదు బెల్లంతో పోదు. ఇప్పుడు చింతపండు రసం, మరో 350 మిల్లీలీటర్ల నీళ్లు. మూత లేకుండా 12 నిమిషాలు మరగాలి. అంచుల్లో నూనె తేలాక బెల్లం ఒక చెంచా, వేపిన గుడ్లు వేసి సన్న సెగమీద 6 నిమిషాలు. దింపేముందు వేయించిన మెంతి, జీలకర్ర పొడి పావు చెంచా.

వేడివేడిగా వడ్డిస్తే పులుసు వేరు, గుడ్డు వేరుగా ఉంటాయి. కనీసం గంట ఆగండి. పొద్దున వండి మధ్యాహ్నం తింటే ఇంకా మేలు.

ములక్కాడ వేయాలంటే ముక్కలను ఉల్లితోపాటే మగ్గించండి. కొట్టి పోసే గుడ్డు పులుసుకైతే వేపుడు పని ఉండదు. పులుసు చిక్కబడ్డాక సెగ బాగా తగ్గించి, గుడ్డును ముందు చిన్న గిన్నెలోకి కొట్టి, పులుసు పైనుంచి మెల్లగా జార్చండి. మూతపెట్టి 5 నిమిషాలు గరిటె పెట్టొద్దు. అది పక్కరోజుకి ఉండే వంట కాదు.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. ఒకే రోజు, ఒకే చింతపండుతో, రెండేసి గుడ్ల పులుసు రెండు గిన్నెల్లో చేయండి. కొలతలన్నీ పైవాటిలో మూడోవంతు, నీళ్లు మాత్రం సగం, తక్కువ పులుసు త్వరగా ఇగిరిపోతుంది. ఒకదాంట్లో ఉల్లి 5 నిమిషాలు వేగగానే రసం పోయండి, రెండోదాంట్లో నలిగే పరీక్ష అయ్యాకే పోయండి. ప్రతి గిన్నెలో ఒక గుడ్డుకు గాట్లు పెట్టండి, ఒకదానికి వద్దు. దింపగానే ఒకసారి, గంటకి ఒకసారి, నాలుగు గంటలకి ఒకసారి రెండు పులుసులూ రుచి చూసి చిక్కదనం, పులుపు, ఉల్లి మెత్తదనం రాసుకోండి. చివరిసారి గుడ్లను అడ్డంగా కోసి, పులుసు రంగు గాటు వెంట ఎంతదూరం లోపలికి వెళ్లిందో చూడండి. ఆ కాగితం దాచుకోండి, 5వ పాఠంలో పొరటు నీళ్లు ఎందుకు వదులుతుందో చెప్పేటప్పుడు ఉల్లి గురించి రాసుకున్నది మళ్లీ కావాలి.