ఏటేటా జరిగే సభకు కొత్త సౌండ్ వాళ్లను ఎంచుకోవడం ఎలా?

కిందటి ఉగాదికి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం పద్యనాటకం వేశాం. రాయబారం సీను. కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తున్నాడు, కాలర్ మైక్ బ్యాటరీ అయిపోయింది. మిక్సర్ దగ్గరి కుర్రాడు ఫోన్‌లో మునిగిపోయి ఉన్నాడు. మిగిలిన రాగమంతా చేతులతోనే సాగింది. ఐదేళ్లుగా వాళ్లకే ఇస్తున్నాం. ఇక మార్చక తప్పలేదు.

ఎవరికైనా ఫోన్ చేసే ముందు మీకేం కావాలో ఒక కాగితం మీద రాసుకోండి. "మంచి సౌండ్ కావాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎంతమంది వస్తారు, హాలా ఆరుబయటా, ఒకేసారి ఎన్ని మైకులు పనిచేయాలి: ఇవి ముఖ్యం. మాకు నెలనెలా క్లబ్‌హౌస్‌లో 60 మందితో సాహిత్య సభ, ఉగాదికి లాన్‌లో 400 మంది. నాటకానికి 6 కాలర్ మైకులు, మృదంగానికీ వయొలిన్‌కీ వేరే మైకులు, పాడేవాళ్ల ఎదురుగా మానిటర్ (వాళ్ల గొంతు వాళ్లకే వినిపించే స్పీకర్), లాప్‌టాప్ పాటలకు డీఐ బాక్స్ (లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టే చిన్న పెట్టె). లాప్‌టాప్‌ను నేరుగా మిక్సర్‌కు తగిలిస్తే ఒక్కోసారి గుయ్‌మని మోత వస్తుంది. పోయినసారి ఏమేం చెడిందో కూడా రాయండి.

పేర్ల కోసం నెట్‌లో వెతికే కన్నా డాన్స్ టీచర్లను అడగడం మేలు. అరంగేట్రాలు చేయించి చేయించి వాళ్లకు అందరూ తెలుసు. శ్రీరామనవమి రోజుల్లో చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో సంగీత కచేరీలు జరుగుతాయి. వెళ్తే వెనక వరుసలో కూర్చుని వినండి, మాట అక్కడిదాకా స్పష్టంగా వస్తే ఎవరు పెట్టారో కనుక్కోండి. ఇంకో సంగతి, మన ఉగాది రోజే కన్నడిగుల యుగాది. మంచివాళ్లందరికీ ఆ వారం ఎక్కడో ఒకచోట పని ఉంటుంది. అందుకే సంక్రాంతి దాటగానే వెతుకులాట మొదలుపెట్టండి.

ముగ్గురిని పిలిచి స్థలం చూపించండి. చూడకుండా ఫోన్‌లోనే రేటు చెప్పేవాళ్లను నేనైతే వదిలేస్తాను. పని తెలిసినవాళ్లు మనల్నే ప్రశ్నలు అడుగుతారు: కరెంటు ఎక్కడినుంచి, లైట్లకు వేరే లైన్ ఉందా, జనరేటర్ ఎక్కడ పెట్టాలి అని. లాన్‌లో అయితే పోలీసు అనుమతి ఎవరు తెస్తారో అప్పుడే తేల్చుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్.

కొటేషన్లు చూసేటప్పుడు కింది మొత్తం ఒక్కటే చూడకండి. 18 శాతం జీఎస్టీ, రవాణా, డీజిల్, మనుషుల ఖర్చు అందులోనే ఉన్నాయా అని అడగండి. ఎల్ఈడీ వాల్ (వేదిక మీద పెట్టే పెద్ద తెర) కూడా ఉంటే దానికి పీ3 లాంటి గుర్తు రాస్తారు, పీ3 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 3 మిల్లీమీటర్లు. దాదాపు 3 మీటర్ల కన్నా దగ్గర కూర్చుంటే బొమ్మ చుక్కలుగా కనిపిస్తుంది. క్లబ్‌హౌస్‌కు అసలు వాల్ ఎందుకు, ప్రొజెక్టర్ చాలు.

ఇక అసలు పరీక్ష. ఉగాది ఒకేసారి అప్పగించకండి, ముందు ఒక నెల సభ ఇచ్చి చూడండి. స్పీకర్ల బ్రాండు చూసి మురిసిపోవద్దు, మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషిని చూడండి. సభ మొదలయ్యాక హాలంతా ఒక్కసారైనా తిరిగి విన్నాడా? పెద్దాయన మైకును బొడ్డు దగ్గర పట్టుకుంటే వెంటనే సౌండ్ పెంచాడా, కూత రాకముందే తగ్గించాడా? మైకులు మారేటప్పుడు అతని కళ్లు వేదిక మీదున్నాయా, ఫోన్ మీదున్నాయా? బ్యాటరీలు కొత్తవేనా, స్పేర్ మైక్ చేతికి అందేచోట ఉందా? బెంగళూరులో చాలామంది ఆపరేటర్లకు తెలుగు రాదు, అది వాళ్ల తప్పు కాదు. ఎవరు ఎప్పుడు వేదిక ఎక్కుతారో, ఏ మైక్ ఎవరిదో ఇంగ్లిష్‌లో రాసి ఇవ్వండి. నాటకానికైతే పద్యాలు తెలిసినవాళ్లొకరు అతని పక్కనే కూర్చోవాలి. మా కృష్ణుడి కష్టంలో సగం పాపం మాదే, అలా ఎవర్నీ కూర్చోబెట్టలేదు.

నచ్చితే ఒప్పందంలో కంపెనీ పేరుతో పాటు ఆ ఆపరేటర్ పేరూ రాయించండి. సభకు నచ్చినవాణ్ణి పంపి, ఉగాదికి వేరేవాణ్ణి పంపితే పరీక్ష పెట్టి ఏం లాభం? ఏడాది మొత్తానికి మాటివ్వకుండా మూడు కార్యక్రమాలకే ఇవ్వండి. సౌండ్ చెక్ ఎన్నింటికో కూడా రాయండి, జనం రావడానికి రెండు గంటల ముందైనా అయిపోవాలి.

పాతవాళ్లకు విషయం మీరే చెప్పండి, వేరేవాళ్ల నోట వింటే బాధపడతారు. నేను మొహమాటపడుతూ వారం ఆగి ఫోన్ చేశాను. "పర్లేదు సార్, ఆ రోజు మాకూ పెళ్లి బుకింగ్ ఉంది" అన్నారాయన.