ముందు యాక్సిల్ మూలుగుతుంటే: పినియన్ బేరింగ్ కొనేముందు చూడాల్సినవి

మా షెడ్డుకు పాత 4×4 జీపులు ఎక్కువ వస్తాయి. చాలావరకు మన్యం వైపు వాగులు దాటి తిరిగే బండ్లే. వచ్చినవాళ్లలో సగం మంది దిగీ దిగగానే "ముందు పినియన్ బేరింగ్ పోయిందండీ, మార్చేయండి" అంటారు. పినియన్ అంటే యాక్సిల్ లోపల క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పే చిన్న గేరు. ఎలా తెలిసిందని అడిగితే "సౌండ్ వస్తోంది కదా!" అంటారు. సౌండ్ టైరు నుంచి కూడా వస్తుంది, వీల్ బేరింగ్ నుంచి కూడా వస్తుంది. హౌసింగ్ (ఈ గేర్లుండే పెట్టె) విప్పకముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు.

వేగం అందుకోగానే మూలుగు

ఫ్రీ హబ్‌లు (ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే తాళాలు) ఉన్న బండి అయితే ఆ రెండు హబ్‌లనూ ఫ్రీలో పెట్టండి. టూ వీల్‌లోనే, అదే రోడ్డు మీద, అదే వేగంతో మళ్లీ నడపండి. హబ్‌లు ఫ్రీలో ఉంటే ముందు పినియన్, క్రౌన్, పినియన్‌ను తిప్పే ముందు షాఫ్ట్ ఏవీ తిరగవు. చక్రాలూ వాటి బేరింగులూ మాత్రమే తిరుగుతాయి. మూలుగు ఆగిపోతే తప్పు ముందు యాక్సిల్‌లోనో ముందు షాఫ్ట్‌లోనో ఉంది. ఆగకపోతే ముందు హౌసింగ్ జోలికి వెళ్లకండి. వీల్ బేరింగో, టైర్లో, వెనక యాక్సిలో చూసుకోండి. స్టీరింగ్ కాస్త అటూ ఇటూ తిప్పినప్పుడు సౌండ్ మారితే దాదాపు వీల్ బేరింగే. ఈ టెస్ట్ కోసం ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి, ఉన్న గేర్లు కూడా పోతాయి.

ఫ్రీ హబ్‌లు లేని బండికి ముందు చక్రాలు రెండూ లేపి, స్టాండ్లు పెట్టి, షాఫ్ట్ విప్పి, పినియన్ యోక్‌ను (షాఫ్ట్ తగిలించే కొనను) చేత్తో తిప్పి చూడండి. ఇసుక నలిగినట్టు గరగర తగిలితే బేరింగ్ సంగతి తేలిపోయినట్టే.

యోక్‌లో లూజు

షాఫ్ట్ విప్పాక మొదట క్రాస్‌లు (షాఫ్ట్ చివర్ల కీళ్లు) చూడండి. తుప్పు పట్టి బిగుసుకున్న క్రాస్ చేసే సౌండ్‌ను పినియన్ మీదకు నెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. తర్వాత యోక్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. తిప్పినప్పుడు వచ్చే కొద్దిపాటి లూజు క్రౌన్ పళ్ల మధ్య ఉండాల్సిన సందు, అది తప్పు కాదు. పైకీ కిందికీ కదలడం, లోపలికీ బయటికీ కదలడం మాత్రం తప్పే. పినియన్ నట్టు వదులైందా అని కూడా చూడండి. అయితే వదులైన నట్టును ఊరికే బిగించేసి బండి పంపకండి. అది వదులుగా తిరిగినన్నాళ్లూ బేరింగ్ దెబ్బలు తింటూనే ఉంది.

మార్చిన ఆర్నెల్లకే మళ్లీ మూలుగు

నా చేతులు కాల్చింది ఇదే. ఒకే జీపుకు రెండుసార్లు బేరింగులు వేశాను. మొదటిసారి నాలుగు నెలలకే తిరిగొచ్చింది. డూప్లికేట్ సరుకు అనుకుని షాపువాడితో గొడవపడ్డాను. రెండోసారి మంచి కంపెనీ బేరింగ్, కొత్త ఆయిల్ సీల్ వేసి, ప్రీలోడ్ (బేరింగ్‌కు పెట్టే బిగువు) రెండుసార్లు చూసుకుని పంపాను. వానాకాలం దాటగానే బండి మళ్లీ షెడ్డు ముందుంది. ఈసారి ఆయిల్ దించితే పాలు ఎక్కువైన టీ రంగులో దిగింది. తీసిన కప్పును (రోలర్ల చుట్టూ ఉండే బేరింగ్ బయటి రింగును) డీజిల్‌తో కడిగి వెలుతురులో పెట్టి చూస్తే, రోలర్ల మధ్య ఎంత ఎడముందో అంతే ఎడంతో వరసగా నల్లటి గీతలు. బండి ఆగి ఉన్నప్పుడు రోలర్ల పక్కన నీరు నిలిచి తిన్న గుర్తులవి. మొదటిసారి తీసిన కప్పును చూడకుండానే తుక్కులో పడేశాను. అది చూసుంటే రెండోసారి ఖర్చు తప్పేది.

సీల్ కొత్తదే కదా, నీళ్లెలా వెళ్లాయి? తప్పు యాక్సిల్ పైన గాలి ఆడటానికి ఉండే బ్రీదర్‌ది. బొటనవేలి గోరంత టోపీ. ఓనరు ముచ్చటపడి యాక్సిల్‌కు నల్ల పెయింట్ కొట్టించాడు, దాని మీద బంకమట్టి మేటేసింది. వేడి సాంబారు పోసి మూత బిగించిన క్యారేజీ గిన్నె చల్లారాక మూత ఎంతకీ రాదు చూడండి, ఇదీ అంతే. ఘాట్ ఎక్కి యాక్సిల్ వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచించి సీల్ పెదవిని తోసుకుంటూ కొంత బయటికి పోతుంది. వెంటనే వాగులో దిగితే యాక్సిల్ చల్లబడి లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోయింది కాబట్టి ఆ లోటు పూడ్చుకోవడానికి అదే సీల్ గుండా నీళ్లను పీల్చుకుంటుంది. సీల్ ఆయిల్‌ను లోపల ఆపడానికి పెట్టిందే కానీ, ఈ పీల్పుకు ఆగదు.

బ్రీదర్‌ను పరీక్షించడానికి నిమిషం చాలు. పది కిలోమీటర్లు నడిపి వచ్చి, ఫిల్లర్ ప్లగ్‌ను మెల్లగా వదులు చేయండి. ముఖం దగ్గర పెట్టకండి, ఆయిల్ వేడిగా ఉంటుంది. ఉస్సుమని గాలి వదిలితే బ్రీదర్ మూసుకుపోయినట్టే. దాన్ని విప్పి డీజిల్‌లో నానబెట్టి ఊదండి. టోపీ వేలికి టిక్కుటిక్కుమని కదలాలి. వాగులు దాటే బండి అయితే టోపీ తీసేసి నిపుల్ వేసి, ఆయిల్ తట్టుకునే సన్నటి ట్యూబును బానెట్ లోపల ఎత్తుగా కట్టేయండి. యాక్సిల్ ఎగిరిపడుతుంది కాబట్టి ట్యూబు కాస్త వదులుగా ఉండాలి. ఆ జీపుకు అలా కట్టాక బేరింగ్ పని మళ్లీ పడలేదు.

నీళ్లకు ఇంకో దారి యోక్. సీల్ కూర్చునే చోట గోరుతో గీరండి. గోరు గాడిలో ఆగితే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కారుతుంది. యోక్ మార్చండి, లేదా దానిమీద స్లీవ్ (పలుచటి తొడుగు) ఎక్కించండి.

కప్పు మీద గీతల బదులు నీలం రంగు కనిపిస్తే అది వేడి. అంటే ఆయిల్ తక్కువైంది, లేదా ముందు వేసినవాడు బిగించి చంపాడు.

బిగించేటప్పుడు

విప్పడం, తొడగడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. తప్పులు జరిగే చోట్లు మాత్రం చెబుతాను. క్రౌన్‌ను పట్టి ఉంచే డిఫరెన్షియల్ క్యాప్‌లకు విప్పకముందే పంచ్ గుర్తులు పెట్టండి, కుడిది ఎడమకు వేస్తే మొత్తం చెడుతుంది. పాత జీపుల్లో లోపలి కప్పు వెనక ఉండే షిమ్ములు (పలుచటి రేకు రింగులు) పినియన్ లోతును నిర్ణయిస్తాయి. కప్పుతోపాటు ఊడి చెత్తలో పోయేవి అవే. కొలిచి, కవరులో వేసి, పేరు రాసి పెట్టండి. కప్పును దించేటప్పుడు చెవి పెట్టి వినండి. సుత్తి దెబ్బ బోలుగా మోగినంతసేపూ అది అడుగుకు కూర్చోలేదు. ఠక్కుమని గట్టిగా పలికితే కూర్చుంది.

ప్రీలోడ్‌ను చేతి అంచనాతో వదలకండి. సీల్ వేయకముందు, క్రౌన్ బయటే ఉండగా, యోక్‌కు దారం చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగండి. తిరగడం మొదలయ్యాక కాటా చూపించే బరువే లెక్క. దారం చుట్టినచోట వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు ఉండి, కాటా 4 కిలోలు చూపిస్తే 16 కిలో-సెంటీమీటర్లు. ఈ తరహా యాక్సిళ్లలో కొత్త బేరింగుకు 12 నుంచి 23 మధ్య ఉంటే బాగుంటుంది. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. తక్కువగా ఉంటే బయటి బేరింగ్ దగ్గరి షిమ్ ఒకటి తీయాలి, ఎక్కువైతే కలపాలి. షిమ్ముల బదులు నట్టు బిగించినకొద్దీ నలిగే స్లీవ్ ఉన్న బండి అయితే స్లీవ్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. ఎక్కువ బిగిసిందని నట్టును వెనక్కి తిప్పి సరిపెట్టడం మా షెడ్డులో నిషేధం.

హౌసింగ్ వంగడం, కప్పు తన గూట్లో తిరగడం, క్రౌన్ పినియన్ పళ్లే అరిగిపోవడం కూడా ఉంటాయి. ఇవి అరుదు. కప్పు చేత్తోనే గూట్లోకి జారితే హౌసింగ్ మార్చాలి, పంచ్‌తో గుచ్చి సరిచేస్తాననేవాడికి బండి ఇవ్వకండి.

500 కిలోమీటర్లు తిరిగాక ఫిల్లర్ ప్లగ్‌ను అదే జాగ్రత్తతో మళ్లీ తెరిచి, వేలితో ఆయిల్ తీసి చూడండి. తేనె రంగులో ఉండి, ఉస్సు సౌండ్ లేకపోతే మళ్లీ బిగించేయండి.